ఆంటీ వాళ్ళ నాన్న ఫైలు

నేను ఫ్రెంచి మీద ప్రేమతో ఫ్రెంచి నేర్చుకోలేదు. ఆ రోజుల్లో మావాళ్ళు విమానాలకి విమానాలు నిండి కెనడా వచ్చారు. అందరికీ అదే డిప్లొమా, అదే వేర్‌హౌస్, శాశ్వత నివాసం కోసం అదే పీఆర్ లైను. ఫ్రెంచి టెస్ట్ రాస్తే పాయింట్లు పెరుగుతాయని ఎవరో అన్నారు. దాంతో బీటెక్ చదివిన నేను, కేంబ్రిడ్జ్‌లో పొద్దున్నించీ అట్టపెట్టెలకి టేపు వేసి వచ్చి, మధ్యాహ్నం బేస్‌మెంట్‌లో కూర్చుని, "నేను కొన్న ఫ్రిజ్ పాడైంది, మార్చి ఇవ్వగలరు" అని ఫ్రెంచిలో ఉత్తరాలు రాసేదాన్ని. నాకు ఆ ఏడాది గురించి బాగా గుర్తున్నది అలసటే. బస్సులో నిద్ర, క్లాసులో నిద్ర, పడుకుంటే మాత్రం చెవుల్లో స్కానర్ కూత.

ఇంటి ఓనరు పైన ఉండేది. ఎనభై దాటిన వియత్నాం ఆవిడ. వయసుకి అమ్మమ్మ అనాలి గానీ మొదటిరోజు నోరు జారి ఆంటీ అన్నాను, అదే ఖాయమైపోయింది. ఆమెదీ నాదీ ముక్కల ఇంగ్లిషే. ఒక ఆదివారం నన్ను పైకి పిలిచి నాలుగు కాగితాలు ముందు పెట్టింది. వియత్నాం ఫ్రెంచివాళ్ళ ఏలుబడిలో ఉన్నప్పుడు వాళ్ళ నాన్న మీద ఫ్రెంచి పోలీసులు రాసి పెట్టుకున్న ఫైలు. టొరంటోలో ఉండే మనవరాలు ఫ్రాన్స్‌లోని పాత రికార్డుల నుంచి తెప్పించింది. ఆ పిల్ల స్కూల్లో ఏళ్ళ తరబడి ఫ్రెంచి చదివి బోంజూర్ దగ్గరే ఆగిపోయింది. ఆ గొలుసుకట్టు చేతిరాత ఫోన్‌కి కొరుకుడు పడలేదు. ఆంటీని చిన్నప్పుడు వాళ్ళమ్మ ఫ్రెంచి నేర్చుకోనివ్వలేదట. కింద ఉన్న పిల్ల ఫ్రెంచి బట్టీ పడుతోందని చెవిన పడగానే నన్ను పట్టుకుంది.

ఆమెకి కావలసింది ఒక్క తేదీ. ఆమెకి ఐదేళ్ళప్పుడు నాన్న ఇల్లు వదిలి వెళ్ళాడు. తర్వాత పోలీసులు పట్టుకున్నారు, జైల్లోనే పోయాడట. ఏ రోజు పోయాడో ఎవరూ చెప్పలేదు. మనకి తద్దినం ఉన్నట్టే వాళ్ళకీ ఉంది. పోయిన రోజు తెలియకపోతే ఇల్లు వదిలిన రోజునే పెడతారట. ఆమె జీవితమంతా అలాగే పెట్టింది. "రోజు తప్పు అయితే ఆయన వచ్చి, ఖాళీ బల్ల చూసి, ఆకలితో వెళ్ళిపోతాడు. నేను పోయేలోపు ఒక్కసారి సరైన రోజున అన్నం పెట్టాలి," అంది. కాదనడానికి నాకు ఓపిక కూడా లేదు.

ఆదివారానికి ఒక పేజీ చొప్పున చదివాం. మొదటి పేజీలోనే నా పరువు పోయింది. ఆయన పేరు, పక్కన "దీ", ఇంకో పేరు, మళ్ళీ "దీ". నా పరీక్ష ఫ్రెంచిలో దీ అంటే "అన్నాడు". అలాగే అనువదిస్తూ పోతే ఐదుగురు మనుషులు ఒకరితో ఒకరు మాట్లాడుకుంటున్నట్టు వచ్చింది. చివరికి తేలిందేమిటంటే అక్కడ దీ అంటే "అనబడే" అని, ఐదూ ఆయనే, మొదటిది తప్ప అన్నీ మారుపేర్లు. ఆంటీ చాలాసేపు నవ్వింది. అందులో నాలుగు పేర్లు ఆమె ఎప్పుడూ వినలేదు.

ఆయన బడిపంతులు. పిల్లల సమ్మెకి వత్తాసు పలికాడని ఉద్యోగం తీసేశారు. కూలీల్లో పనిచేయాలంటే ముందు కూలీ కావాలని కమ్యూనిస్టు పార్టీ అంటే, పంతులుగారు బొగ్గుగనిలో చేరాడు. అది చదివినప్పుడు నాకు ఒళ్ళు మండింది. చదువుకుని, కావాలని వెళ్ళి బొగ్గు మోశాడట. మేమూ చదువుకునే మోస్తున్నాం, మాకు ఏ పార్టీ చెప్పలేదు. ఆంటీకి ఈ మాట అనలేదు. గనిలో కరపత్రాలు వేయడానికి ఆయన దగ్గర అచ్చుయంత్రం లేదు. చైనా గ్రాస్ జెల్లీని పళ్ళెంలో పోసి, ఊదా సిరాతో రాసిన కాగితాన్ని దానిమీద అద్ది, పైన తెల్లకాగితాలు పరిచి కాపీలు తీసేవాడు. పోలీసులు వస్తున్నారంటే జెల్లీని కరిగించి పారబోస్తే సరి. ఒకసారి కరిగించే టైము దొరకలేదు. ఆయన్ని కొండల్లో జైలుకి పంపారు.

నాలుగో పేజీ చివర ఒకే ఒక్క మాట, పక్కన తేదీ. మాట మొదలు మీద ఆఫీసు ముద్ర పడి అలుక్కుపోయింది. చివర "దె" ఒక్కటే తేటగా ఉంది. ఆరోజు నేను డబుల్ షిఫ్ట్ చేసి వచ్చాను, కళ్ళు మూతలు పడుతున్నాయి. దెసెదె, అంటే మరణించెను, అని చదివేశాను. ఆంటీ ఆ తేదీని నాతో మూడుసార్లు చెప్పించుకుని క్యాలెండర్ మీద రాసుకుంది.

ఆ తేదీ రాగానే ఆంటీ తద్దినం పెట్టింది, ఇల్లంతా జనం. కొడుకులు, కోడళ్ళు, ఇంగ్లిష్‌లో జవాబులిచ్చే మనవలు. ఫోటో ముందు అన్నం, చేప, చివర చైనా గ్రాస్ జెల్లీ. ఫోటోలో ఆయనకి ముప్పై ఏళ్ళు కూడా ఉండవు, కూతురు ముసలిది. "ఈరోజు కడుపునిండా తిని ఉంటాడు," అంది నాతో. నాకూ చాలా సంతోషంగా అనిపించింది, చాలా రోజుల తర్వాత పనికొచ్చే పని ఒకటి చేసినట్టు.

పది రోజుల తర్వాత టెస్ట్ కోసం ఫ్రెంచి వార్తలు వింటున్నాను. జూలోంచి కోతి పారిపోయిందట. ఆ పారిపోవడానికి వాడిన మాట ఎవదె. చివర దె. నాలుగో పేజీ నా ఫోన్‌లో ఉంది, పెద్దది చేసి చూశాను. ముద్ర కింద దెసెదెకి సరిపడా అక్షరాలు లేవు. ఎవదెకే ఉన్నాయి.

నా రూమ్మేట్‌ది వరంగల్. విషయం చెబితే చపాతీ తింటూనే తేల్చేసింది. "గీ ముచ్చట ఆమెకి ఎర్కలేదు, నీకొక్కదానికే ఎర్క. సప్పుడు జేయకుండ ఉండరాదే. ముసలామె ఖుషీగున్నది, ఎందుకు లొల్లి?" నిజమే, నోరు మూసుకుంటే ఎవరికీ నష్టం లేదు. నేను నాలుగు రోజులు మూసుకున్నాను. కానీ మెట్ల దగ్గర ఎదురైనప్పుడల్లా ఆమె నా చేతిలో ఏదో ఒకటి పెట్టేది, నారింజో, ఉడికించిన పెండలమో. అది తినలేకపోయాను. ఆదివారం పైకి వెళ్ళి చెప్పేశాను. "ఆంటీ, నేను తప్పు చదివాను. ఆ రోజు ఆయన పోలేదు. జైల్లోంచి తప్పించుకున్నాడు."

తిడుతుందనుకున్నాను. లేదా సంతోషిస్తుందనుకున్నాను. ఆమె లేచి క్యాలెండర్ దగ్గరికి వెళ్ళి, ఆ తేదీ మీద వేలు పెట్టి నిలబడింది.

"ఇది మా ఊళ్ళో కోతలయ్యే రోజులు," అంది. "ఆ ఏడు సరిగ్గా ఈ రోజుల్లోనే పోలీసులు మా ఇంటికి వచ్చారు. బియ్యం కుండ తిరగేశారు. నన్ను ఒళ్ళో కూర్చోబెట్టుకుని, మీ నాన్న ఎప్పుడొచ్చాడు అని అడిగారు. చనిపోయినవాడి కోసం ఎందుకు వచ్చారో నాకు ఇన్నేళ్ళూ అర్థం కాలేదు."

"అప్పటికే పోయాడని మీకు తెలుసా?"

"వాళ్ళు రావడానికి రెండు రోజుల ముందే అమ్మ చెప్పింది. ఫోటో పెట్టింది, ఊరందరినీ పిలిచి అన్నం పెట్టింది. నేను దొర్లి దొర్లి ఏడ్చాను. అమ్మ ఏడవలేదు. గట్టి మనిషి అనుకున్నాను."

తర్వాత ఆయన ఏమయ్యాడో ఫైల్లో లేదు, ఆమెకీ తెలియదు. తిరిగి రాలేదు, అంతే. మీరు చిన్నపిల్ల కదా ఆంటీ, తప్పించుకున్నాడని తెలిస్తే పోలీసులకి చెప్పేస్తారని మీ అమ్మ భయపడి ఉంటుంది, అన్నాను.

"అప్పుడు చిన్నపిల్లని," అంది. "అమ్మ పోయేటప్పటికి నాకు యాభై దాటాయి. పక్కన నేనే ఉన్నాను."

వేలు ఇంకా ఆ తేదీ మీదే ఉంది.

"నాకూ పోలీసులకీ ఒకటే చెప్పింది," అంది.