రిలీజు పేపరు మీద గోడౌన్ స్టాంపు

ఆ రోజుల్లో కువైట్‌లో మాకు రెండే కాలాలు. క్రికెట్ ఆడే కాలం ఒకటి, క్రికెట్ గురించి మాట్లాడుకునే కాలం ఇంకొకటి. మే నెల వచ్చిందంటే ఇసుక పెనంలా కాలేది, బంతి కంటే ముందు ఫీల్డరే కింద పడేవాడు, అందుకని అక్టోబరు దాకా ఆట బంద్. నిజం చెప్పాలంటే అసలు ఆట ఆ ఎండాకాలంలోనే జరిగేది. ఎవరు ఏ జట్టు వదులుతున్నారు, ఎవరికి మోకాలు పోయింది, ఎవరికి నోరు పెరిగింది, ఇవన్నీ శుక్రవారం మధ్యాహ్నాలు అల్ రాయ్‌లో మా స్పేర్ పార్టుల గోడౌన్‌లో ఏసీ కింద కూర్చుని, పాలు లేని టీ గ్లాసులు ఖాళీ చేస్తూ తేల్చేవాళ్లం. ఇప్పుడు టీవీలో ఆటగాళ్ల వేలం చూసి లోకం చెడిపోయిందని బాధపడేవాళ్లు నాకు తెలిసినవాళ్లలోనే చాలామంది ఉన్నారు. నేను మాత్రం నోరు మెదపను. అంతకంటే చెడ్డపని నేనే చేశాను.

అప్పుడు నాకు ఇరవై రెండేళ్లు. గోడౌన్‌లో గుమాస్తాని. ఆట రాదు, నేను బ్యాటు పట్టుకుంటే మావాళ్లే మొహం తిప్పుకునేవాళ్లు. కానీ గొంతు ఉండేది. లారీలను పిలవడానికి గోడౌన్‌లో ఒక చేతిమైకు ఉండేది, అది పట్టుకుని లీగు మొత్తానికీ నేనే కామెంట్రీ చెప్పేవాణ్ణి. మా అల్ రాయ్ జట్టువాడు ఫోరు కొడితే ఆ బంతి పుట్టుపూర్వోత్తరాల దగ్గర్నించి వర్ణించేవాణ్ణి. అహ్మది జట్టువాడు సిక్సరు కొడితే 'పరుగులు వచ్చాయి' అని ఊరుకునేవాణ్ణి (ఒక్కోసారి అదీ లేదు, దగ్గు వచ్చేది). నా మీద అభిమానుల అభిప్రాయాలు రెండుగా చీలిపోయి ఉండేవి. మా వర్క్‌షాపుల వాళ్లు భుజం తట్టేవాళ్లు. అహ్మది ఆయిల్ కంపెనీ ఇంజనీర్లు చెవుల్లో దూది పెట్టుకుని వచ్చేవాళ్లు. సల్వాలో ఒక కువైటీ ఇంట్లో పనిచేసే అక్క ఒకామె, మాది రాయచోటి అయితే ఆమెది ఆ పక్క పల్లే, ఎప్పుడైనా ఆట చూడటానికి వచ్చి కారు అద్దం దించి వినేది. ఆమె ఒకసారి ఉన్నమాట అనేసింది. "నువ్వు బాగానే చెప్తావబ్బీ. మనోళ్లు అవుటయ్యేది మాత్రం మాకు కండ్లతోనే తెలియాల."

ఆమెను ఆ కారులో తీసుకొచ్చే డ్రైవరే మా జట్టు ప్రాణం. పేరు పెట్టి పిలవగా నేను వినలేదు, ఊరందరికీ ఎడంచేతి చిన్నాయనే. ముప్పై అయిదేళ్లు ఉంటాయి. ఆ చేతిలోంచి బంతి వచ్చిందంటే కొబ్బరిపీచు చాప మీద పడి ఎటు తిరుగుతుందో బంతికే తెలియదు. అతను కువైట్‌కు వచ్చిన మూడో నెలలో ఊళ్లో కూతురు పుట్టింది. నాలుగేళ్లయినా ఆ పాపను ఫోటోలో చూడటమే. ఇంటి డ్రైవర్లకు సెలవు యజమాని దయ. ఆ దయ ప్రతి ఏడూ 'వచ్చే ఏడు' అనేది.

ఇక్కడ మా రిలీజుల సంగతి చెప్పాలి. కువైట్‌లో పని మారాలంటే కఫీలు, అంటే మనకు వీసా ఇచ్చి పిలిపించుకున్న యజమాని, రిలీజు పేపరు మీద సంతకం పెట్టాలి. అది లేనిదే ఇఖామా, అంటే అక్కడ ఉండనిచ్చే అనుమతి, మారదు, మనిషి కదలడు. ఆ ఒక్క సంతకం కోసం నెలల తరబడి గుమ్మాల ముందు చేతులు కట్టుకుని నిలబడ్డవాళ్లమే మేమందరమూ. అలాంటివాళ్లం సొంతంగా ఒక లీగు పెట్టుకున్నప్పుడు ఆ పీడ లేకుండా చూసుకోవాలి కదా? మొట్టమొదట రాసుకున్న రూలే అది! ఆటగాడు జట్టు మారాలంటే పాత జట్టు రిలీజు పేపరు ఇవ్వాలి, దాని మీద కెప్టెన్ సంతకం ఉండాలి, స్టాంపు ఉండాలి. స్టాంపు అంటే మా దగ్గర ఉన్నది ఒకటే. గోడౌన్‌లో సరుకు దిగినప్పుడు కాగితం మీద కొట్టే గుండ్రటి స్టాంపు, 'సరుకు అందినది' అని అరబ్బీలో, ఇంగ్లీషులో ఉండేది. అది నా దగ్గర ఉండేది. అలా నేను బంతి ముట్టకుండానే అల్ రాయ్ ఆటగాళ్లందరికీ కఫీలునయ్యాను.

ఆ జూలైలో అహ్మది కెప్టెన్ మా గోడౌన్‌కు వచ్చారు. విజయవాడ వైపు ఇంజనీరు గారు, లీగుకు ప్రెసిడెంటు కూడా ఆయనే, ఎండలోనైనా ఏసీలోనైనా తెల్లటోపీ తీసేవారు కాదు. "చూడవయ్యా, మీ చిన్నాయనని మాకు ఇవ్వండి. మా కాంట్రాక్టరు దగ్గర బస్సు డ్రైవరు పని ఖాళీ ఉంది, మాట్లాడి ఉంచాను. ఏడాదికి నెల సెలవు, టికెట్టు వాళ్లదే," అన్నారు. మా కెప్టెన్ మంచివాడు, అక్కడే సంతకం పెట్టేశాడు. నాకు మాత్రం అది నచ్చలేదు. "చిన్నాయన పోతే ఇంక నేను కామెంట్రీ ఏం చెప్పాల సార్?" అన్నాను. ఆయన నవ్వి, "నీ కామెంట్రీని ఎవరడిగారయ్యా? దాన్ని మీరే ఉంచుకోండి," అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. స్టాంపు తీసి ప్యాంటు జేబులో వేసుకున్నాను.

ఆ తర్వాత మూడు వారాలు నేను చేసినవి తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి. ఒకసారి ఇంకు ప్యాడు ఎండిపోయిందన్నాను. ఇంకోసారి మేనేజరు ఊళ్లో లేడన్నాను. బుక్రా చిన్నాయనా, రేపు, అన్నాను. మూడోసారి స్టాంపే పోయిందన్నాను (అప్పుడది నా తొడకు గుచ్చుకుంటూనే ఉంది). ఇవన్నీ అసలు కఫీళ్ల దగ్గర నేర్చుకున్న మాటలే, ఒక్కటీ నా సొంతం కాదు. పోనీ స్టాంపు లేకుండా తీసుకోండని మా కెప్టెన్ చెబితే ఇంజనీరు గారు ఒప్పుకోలేదు. "రూలు రాసింది నేనే. ఉద్యోగం చూపించి ఆటగాణ్ణి ఎత్తుకుపోయాననే మాట నాకొద్దు. ఆగస్టు మొదటి శుక్రవారం దాకా ఆ బస్సు పని ఆపి ఉంచుతాను," అన్నారట. పెద్దమనిషి తరహా కూడా ఒక్కోసారి మనిషిని ముంచుతుంది.

జూలై చివర్లో చిన్నాయన వచ్చి ఒక కవరు తీసి నా ముందు పెట్టాడు. వాళ్లు బాబా అని పిలిచే యజమాని కుటుంబం ఎండలకు లండన్ వెళ్తూ, నాలుగేళ్లుగా ఇవ్వని రిలీజు మీద ఎందుకో మనసు కరిగి సంతకం పెట్టి వెళ్లిందట. "మా బాబా ఇచ్చేసినాడబ్బీ. ఇంగ నీదొక్కటే ఉండాది," అన్నాడు. కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే నేను అప్పుడే స్టాంపు కొట్టేసి ఉండేవాణ్ణేమో. "శుక్రవారం రా చిన్నాయనా, చూద్దాం," అన్నాను. "తప్పకుండానా?" అన్నాడు. "తప్పకుండా," అన్నాను.

గురువారం తెల్లవారేసరికి ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చేసింది. మొదట పేలుడు చప్పుళ్లు ఏదో గోడౌన్‌లో సిలిండర్లనుకున్నాను. తర్వాత రోడ్డు మీద ట్యాంకులు చూశాను. నా గదిలో ఉండే మిగిలిన ఇద్దరూ సెలవు మీద ఊరెళ్లి ఉన్నారు. ఆ రోజంతా తలుపు గడియ పెట్టుకుని, మంచం కింద పడుకుని, ఒక రొట్టెను మూడు పూటలు తిన్నాను. శుక్రవారం పొద్దున ఎవరో తలుపు కొడితే నా పని అయిపోయిందనుకున్నాను. "నేనబ్బీ, చిన్నాయనని," అని వినిపించింది. తలుపు తీస్తే బయట సల్వా ఇంటివాళ్ల పెద్దకారు, వెనక సీట్లో మూటల మధ్య అక్క. దారిలో ఎన్నిచోట్ల సైనికులు ఆపారో, ఏం చెప్పి వచ్చారో నేనడగలేదు. నాకు ఒకటే తోచింది. జేబులోంచి స్టాంపు తీసి పట్టుకున్నాను.

చిన్నాయన దాన్ని చూశాడు, నన్ను చూశాడు. "పోయిందంటివే!" అన్నాడు.

అక్క కారులోంచి, "స్టాంపు తర్వాత చూసుకుందురు గాని, ముందు వాణ్ణి ఎక్కమను," అంది. "శుక్రవారం రమ్మంటివి, వచ్చినా," అన్నాడు చిన్నాయన. "దాన్ని లోపల పెట్టుకో. బ్యాగు తీస్కోని ఎక్కు. ఇండ్లల్లో ఉంటే ఏదో ఒకటి తిని బతుకుతాం, ఈ గోడౌన్ల కాడ ఒక్కడివే ఏం చేస్తావు?" ఆ క్షణంలో నాకు కలిగిన సిగ్గు మళ్లీ ఎప్పుడూ కలగలేదు.

సల్వాలో ఆ ఖాళీ ఇంట్లో అయిదు వారాలున్నాం. బియ్యం, పప్పు అక్క చేతికిందే ఉండేవి, కొలిచి వండేది. నా పని రేడియో. ఇంగ్లీషు వార్తలు విని వాళ్లిద్దరికీ తెలుగులో చెప్పాలి. పాత అలవాటు ఎక్కడికి పోతుంది? సరిహద్దులు మూసేశారంటే 'పరిశీలిస్తున్నారు' అనేవాణ్ణి. విమానం ఒక్కటీ లేదంటే 'రేపో మాపో' అనేవాణ్ణి. చిన్నాయన ఆ మాట నమ్మి, పాప ఫోటో పక్కన పెట్టుకుని, సంచి సర్దుకునేవాడు, మళ్లీ విప్పుకునేవాడు. నాలుగుసార్లు అట్లా జరిగాక అక్క గరిటె పక్కన పెట్టి, "మనం అవుటయ్యేది గూడా చెప్పబ్బీ. తెలిస్తే కదా ఇంకొక రకంగా ఆడేది," అంది. ఆ రోజు నుంచి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. నా కామెంట్రీ జీవితంలో నిజాయితీ వచ్చింది అప్పుడే. వినేవాళ్లు మాత్రం ఇద్దరే.

చివరికి మనవాళ్లు బస్సుల్లో ఇరాక్ మీదుగా జోర్డాన్ వైపు వెళ్తున్నారని తెలిసి, ఇల్లు తాళం వేసి, తాళాలు పక్కింటి ముసలావిడకు అప్పగించి బయల్దేరాం. 'మామా వచ్చి అడిగితే అన్నం గిన్నె కూడా తోమే పోయినామని చెప్పండి' అని అక్క ఆవిడకు వచ్చీరాని అరబ్బీలో మరీ మరీ చెప్పింది. మామా అంటే ఆ ఇంటావిడ. బస్సుల్లో ఎన్ని రోజులు గడిచాయో, ఏం తిన్నామో నాకు వరసగా గుర్తులేదు. జోర్డాన్ సరిహద్దు దగ్గర ఎడారిలో గుడారాలు గుర్తున్నాయి. నీళ్ల ట్యాంకరు దగ్గర క్యూ గుర్తుంది. ఆ క్యూలో నాకు నలుగురి ముందు ఒక తెల్లటోపీ కనిపించింది. ఇప్పుడది తెల్లగా లేదు.

ఇంజనీరు గారే. మనిషి సగమయ్యారు. విమానానికి పోయేవాళ్ల జాబితాలు రాసే పని అక్కడ ఆయన నెత్తిన వేసుకున్నారు. గాలి హోరులో పేర్లు ఎవరికీ వినపడక జనం బస్సులు పోగొట్టుకుంటున్నారట. నన్ను చూడగానే పలకరింపు కూడా లేకుండా ఒక చేతిమైకు తెచ్చి నా చేతిలో పెట్టారు. "నీ గొంతు కావాలయ్యా. ఈసారి మావాళ్లవి కూడా గట్టిగా చదవాలి," అన్నారు. ఎవరూ నవ్వలేదు. నేను చదివాను. అల్ రాయ్ పేర్లు, అహ్మది పేర్లు, నాకు తెలియని మలబారు పేర్లు, పంజాబు పేర్లు, అన్నీ ఒకే గొంతుతో, ఒక్కో పేరూ మూడుసార్లు చదివాను. ఎవరి పేరు పలికితే వాళ్లు పిల్లల్ని చంకనేసుకుని పరుగెత్తేవాళ్లు. ఏ ఫోరుకీ అంత సంతోషం నేను చూడలేదు.

మూడోరోజు మధ్యాహ్నం జాబితాలో అక్క పేరు ఉంది, దాని కింద చిన్నాయన పేరు ఉంది. నాది లేదు. అతని అసలు పేరు నేను పైకి పలకడం అదే మొదలు. రెండుసార్లు చదివాను. మూడోసారి చదవకుండా మైకు దించేశాను. మైకులో గాలి ఒక్కటే వినిపించింది.

చిన్నాయన సంచి భుజాన వేసుకుని నా దగ్గరికి వచ్చాడు. నేను అతణ్ణి ఆపి, రొట్టెల పెట్టె అట్ట ఒకటి చింపి, పెన్నుతో రాశాను: 'మా జట్టు నుంచి ఈయనను ఎక్కడికైనా వెళ్లేందుకు విడుదల చేయడమైనది.' స్టాంపు తీశాను. ప్యాడు లేదు. (ఈసారి నిజంగానే లేదు.) అక్క ఏమీ అడక్కుండా బొడ్లోంచి కాటుక డబ్బీ తీసి మూత తెరిచింది. ఆ కాటుకలో అద్ది అట్ట మీద కొట్టాను. సగం పడింది, సగం పడలేదు. "తప్పయింది చిన్నాయనా," అన్నాను. చాలా ఏడ్చాను కూడా, దాచడమెందుకు.

అతను ఆ అట్టను మడిచి, కఫీలు ఇచ్చిన కాగితం ఉన్న జేబులోనే పెట్టుకున్నాడు. ఆ కఫీలూ నేనూ ఇద్దరం పనికిరాని కాగితాలే ఇచ్చాం, ఆ ఉద్యోగమూ లేదు, ఆ లీగూ లేదు. "రెండు రిలీజులూ వచ్చేసినాయి. ఇంగ నన్ను ఆపేటోడు యాడుండాడు?" అని నా తల మీద ఆ ఎడంచేత్తో ఒక్కటి వేసి, బస్సెక్కాడు. నా పేరు అయిదు రోజుల తర్వాత వచ్చింది. దాన్ని కూడా నేనే చదువుకున్నాను.

తర్వాత నేను మళ్లీ కువైట్ వెళ్లాను, చిన్నాయన వెళ్లలేదు. రాయచోటిలో జీపు నడుపుకున్నాడు. మొదటి సెలవులో వెళ్లి కలిస్తే ఆ అట్ట గురించి చెప్పాడు. ఇల్లు చేరినరోజు పాప ఇతణ్ణి చూసి భయపడి అమ్మ వెనక దాక్కుందట, ఎంత పిలిచినా రాలేదట. ఇవ్వడానికి జేబులో బిస్కెట్టు ముక్క కూడా లేదు. ఏం చేయాలో తోచక ఆ అట్ట తీసి చేతికిచ్చాడట. "ఇదోమ్మా, సరుకు వచ్చినాదని రాసిండారు. తీస్కో," అన్నాడట. పాపకు చదువు రాదు. అయినా వచ్చి తీసుకుందట.

ఆ స్టాంపు ఇప్పుడు నా కళ్లద్దాల డబ్బాలో ఉంది. టీవీలో వేలం వచ్చినప్పుడు, నచ్చిన ఆటగాడు జట్టు మారినప్పుడు మా ఇంట్లో అందరూ తిట్టుకుంటారు. నేను ఆ స్టాంపును అరచేతి మీద ఒకసారి నొక్కుకుంటాను. ఇంకు లేదు కాబట్టి ఏమీ పడదు, గుండ్రటి గుంట ఒక్కటి కాసేపు ఉండి పోతుంది. అది పోయేదాకా చూస్తూ, ఒక దేశం తలకిందులయ్యే ముందురోజు దాకా ఒక మనిషి ఇంటికి పోవడాన్ని జేబులో వేసుకుని తిరిగిన ఆ ఇరవై రెండేళ్ల కఫీలును తలుచుకుని నవ్వుకుంటాను.