పాప పెట్టిన చేప పేర్లు

మా పక్కింటి పాప పోయింది. నెల్లూరు ఆసుపత్రి నుంచి వాళ్ళ నాయన ఫోన్ చేసినప్పుడు నేను ఒడ్డున కూర్చుని వల బాగుచేస్తా ఉండాను. రక్తం జబ్బు. కాలేజీకి రాయాల్సింది రాసి ఇచ్చేసింది. ఫలితం రాకముందే మనిషి పోయింది.

నాకు అక్షరాలు అంతంత మాత్రం. తప్పులుంటే మీరే దిద్దుకోండి. ఈ పాపను గురించి ఇంకొకరి చేత రాయించడం నాకిష్టం లేదు.

మూడేళ్ళకే డిగ్రీ చేతికొస్తుంది. ఈ పిల్ల ఇంకో ఏడాది ఉండి పరిశోధన చేస్తానని కూర్చునింది. ఆనర్స్ అంట. క్రిమినాలజీ, అంటే నేరాల చదువు.

"మన పల్లెలో దొంగలు యాడుండారే?" అన్నాను.

"దొంగల కోసం కాదు తాతా. మన తగాదాలు స్టేషనుకు ఎందుకు పోవు? మీ పెద్దమనుషుల ముందుకు కూడా రానివి ఏమైపోతాయి? అది చూడాల."

నేనూ ఆ పెద్దమనుషుల్లో ఒకణ్ణి.

ఎండలో ఇల్లిల్లూ తిరిగేది. చేపలు ఎండబెట్టే ఆడోళ్ళ పక్కన కూర్చుని, తనూ చేపలు తిప్పతా మాట్లాడేది. అడిగేది ఒక్క ముక్క, వినేది పూటంతా. "చెప్పడం ఇష్టం లేకుంటే చెప్పబాకండి, నేను అలగను" అని ముందే చెప్పేది.

ఎవరి పేరూ రాయకూడదంట. అందుకని మనిషికొక చేప పేరు పెట్టింది. ఎవరి చేప వాళ్ళకే చెప్పింది.

"నాకు వంజరం పెట్టు" అన్నాను.

"నువ్వు జెల్లవి తాతా. పట్టుకుంటే ముల్లు గుచ్చుతావు."

"పెద్దమనిషిని పట్టుకుని జెల్లంటావా! నా అసలు పేరే రాయి పో. తీర్పు చెప్పినోణ్ణి, నాకేం భయం?"

"నీకు లేదులే. నీ పేరు రాస్తే, ఎవరికి తీర్పు చెప్పినావో ఆ ఇంటి పేరు కూడా రాసినట్టే గదా."

నేను అలిగి కొన్నాళ్ళు వాళ్ళ గడప తొక్కలేదు. ఆ పిల్లే గిన్నెతో వచ్చి, "జెల్ల పులుసు తెచ్చినా, అలక తీరిందా?" అనింది. తిన్నాను. అడిగిందంతా చెప్పినాను.

జబ్బు ముదిరినాక మంచం మీదే రాసింది. వాళ్ళమ్మ చాలు లేమ్మా అని ఏడిస్తే, "నన్ను నమ్మి చెప్పినారమ్మా, సగంలో వదిలేస్తే ఎట్ట?" అనింది.

పెద్దకర్మ అయినాక వాళ్ళ కాలేజీ మేడం వచ్చి, పాప కోరినట్టే, రాసిందంతా మా ముందర చదివింది. కానాగంత అని చేప పేరు పెట్టినామె వంతు వచ్చింది. మొగుడు కొడతా ఉంటే ఏళ్ళ తరబడి నోరెత్తని ఆడమనిషి. పెద్దమనుషులకు ఎందుకు చెప్పుకోలేదంటే, "కొట్టేవాడూ వాళ్ళల్లోనే కూర్చుంటాడు" అనిందంట.

మొగోళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "ఎవురబ్బా ఈ కానాగంత?" అని గుసగుసలు మొదలుపెట్టినారు.

"నోరు మూయండిరా!" అని లేచినాను. "పాప దాచింది. మనం తవ్వకూడదు."

ఆ పిల్ల పేరు చక్కటి పేరు. ఇక్కడ రాస్తే మా పల్లె ఏదో తెలిసిపోతుంది. అందుకే రాయను.

మర్నాడు పొద్దున్నే పడవలు వచ్చినాయి. ఆడోళ్ళు చేపలు గంపలకు ఏరుకుంటా ఉండారు. ఒకామె కానాగంతను చేతిలోకి తీసుకుని, గంపలో వేయకుండా అట్టే నిలబడిపోయింది. ఆమె ఎవరో చూడకూడదని నేను సముద్రం వైపు తిరిగినాను. నా కాళ్ళ దగ్గర, వల్లో, జెల్ల ఒకటి కొట్టుకుంటా ఉండింది.