ఎదురింటి దండెం తీగె

మా గల్లీల నన్ను ఇష్టపడేటోళ్లు తక్కువ. నాకు గూడ వాళ్ల మీద పెద్ద ప్రేమ లేకుండె. బతుకంత లైన్‌మన్‌గ స్తంభాలెక్కి దిగినోన్ని. తప్పు కనవడ్తే నోరు ఊకోదు. రిటైరైనంక తిట్టడానికి హెల్పర్లు లేకపాయె. అందుకని మా ప్రహరి గోడకు తలుపంత జాగల నల్లరంగు కొట్టి, సుద్దముక్కతోని రాయడం మొదలువెట్టిన.

ఎండాకాలం వస్తే కరెంటు ఎప్పుడు పోతదో, నల్లా నీళ్లు ఎన్నింటికొస్తయో రాస్తుంటి. వానలు పడ్డంక పెద్ద చెరువు అలుగు పోస్తుందంటే, సెల్ఫీల కోసం దాని అంచుకు పోవద్దని రాస్తుంటి. వినాయక చవితికి మండపాల వైర్లు తొక్కేకాడ వేయొద్దని, చలికాలం తలుపులు మూసి ఇంట్ల బొగ్గుల కుంపటి పెట్టొద్దని రాస్తుంటి. శేరిగూడ కాలేజీలకు పోయే పిల్లలు మా గోడకాడనే బస్సుకు నిలవడ్తరు. వాళ్లు చదివి నవ్వుకునేటోళ్లు. నవ్వితే నవ్వనీ, చదివిండ్రు గదా అనుకునేటోన్ని.

ఏటా మొదటి వాన పడంగనే ఒక్క మాట మాత్రం తప్పకుండ రాస్తుంటి: "ఇనుప తీగె మీద బట్టలు ఆరేయకుండ్రి. ప్లాస్టిక్ తాడు కట్టుకోండ్రి." స్తంభం నుంచి ఇంటికొచ్చే సర్వీసు వైరును మోసే ఇనుప తీగెను తెచ్చి డాబా మీది పైపుకు కడ్తరు. అదే పైపుకు బట్టల దండెం గూడ కడ్తరు. పైన వైరు మీది రబ్బరు ఒక్క జాగల అరిగిందంటే పైపుకు, దండేనికి, తడిబట్టకు, మనిషికి కరెంటు వస్తది. నా నౌకరీల అట్ల పోయినోళ్లను నేను చూసిన. ఆ పీనుగులను కిందికి దించిన చేతులివి.

ఎదురింటోళ్లది కోస్తా దిక్కు. ఇక్కడ ప్లాటు కొనుక్కొని ఇల్లు కట్టుకున్నరు. ఆయనకు మన్నెగూడ చౌరస్తాల టిఫిన్ బండి ఉండె. ఆమె పొద్దుగాల చట్నీలు చేసి పంపి, తర్వాత బండి గుడ్డలు, ఇంటి బట్టలు ఉతికి డాబా మీద ఆరేసేది. గల్లీల అందరికంటె ఎక్కువ బట్టలు వాళ్లయే. అందరికంటె పొడుగు దండెం గూడ వాళ్లదే, ఇనుప తీగెతోని.

ఒకయేడు ఆ మాట రాసి ఊకోలే. కింద ఇంకో ముక్క గీకిన: "ఎదురుగ చూస్తే మీకే తెలుస్తది."

పొద్దుగాల పదకొండింటికి బండి తోసుకొని వచ్చిన ఎదురింటాయన అది చదివిండు. తిన్నగ మా గేటు కాడికొచ్చిండు.

"ఏవండీ, మా ఇంటి సంగతి గోడ మీద రాసి ఊరికి చూపించడానికి మీరెవరండీ? చెప్పాలనుకుంటే తలుపు కొట్టి చెప్పొచ్చుగా?"

మాట తప్పు కాదు. గాని నాకు ఎవ్వరన్న నేర్పిస్తే కోపమొస్తది. "చదివినవ్ గదా, ఇప్పుడన్న తీసెయ్" అన్న.

ఆయన తడిగుడ్డ తెచ్చి నా రాతంత తుడిచేసిండు. నేను మళ్లీ రాసిన, అక్షరాలు ఇంక పెద్దగ. తెల్లారి చూస్తే ఆయన బండి నా గోడకు అడ్డంగ ఉన్నది. బండి తొవ్వకు అడ్డమున్నదని నేను మున్సిపాలిటీకి పోయి ఫిర్యాదు చేసిన. ఎవరో వచ్చి తీపిచ్చిండ్రు. ఆ రోజు సందెల గిన్నెలు కడిగిన నీళ్లు మా గేటు ముందట పారినయ్. గల్లీ నడుమ అందరు పోగయ్యిండ్రు. మా ఆమె నా చేయి పట్టి గుంజుతనే ఉన్నది. అయినా నా నోట్లకెళ్లి ఆ మాట వచ్చింది.

"బతకనీకె వచ్చినోళ్లు బతకనీకె వచ్చినట్టుండాలె."

ఆయన ముఖం ఎర్రగ కాలే, తెల్లగయ్యింది.

"మా పిల్లలు ఇక్కడే పుట్టారండీ" అన్నడు. "సరే. ఇవాళ్టి నుంచి మా ఇంటి సంగతి మీరు రాయొద్దు, చూడొద్దు, చెప్పొద్దు. ఇంతమంది ముందు చెప్తున్నాను."

"సరే. నీ ఇల్లు తగలబడినా నోరు తెరువ" అన్న నేను.

ఎన్నో మాటలు అన్నోన్ని, అందుల సగం నిలబెట్టుకోనోన్ని. గాని గా మాట నిలబెట్టుకున్న.

మరుసటేడు వానలకు ముందు పెద్ద గాలిదుమారం వచ్చింది. చెట్టుకొమ్మలు విరిగినయ్, రేకులు లేచిపోయినయ్. తెల్లారి నేను మా డాబా మీద మెట్ల గది నీడల కూసొని చాయ్ తాగుకుంట లైన్లు చూస్తున్న. అది నాకు అలవాటు. ఎదురింటి సర్వీసు వైరు జారి కిందికొచ్చింది. పైపు మూతికి రాసుకుంటున్నది. గాలి కొట్టినప్పుడల్లా అటు ఇటు, రంపం లెక్క.

ఇంకో వారానికి నల్ల రబ్బరు మీద బూడిదరంగు గీత వడ్డది. ఆ తర్వాత రబ్బరు లేచింది. లోపల అల్యూమినియం ఎండకు తళతళ మెరుస్తున్నది. ఆ మెరుపు ఏందో గల్లీల ఇంకెవ్వరికి తెల్వదు. నాకు తెలుసు. వానలు ఇంక ఊపందుకోలే గనుక పైపు పొడిగ ఉండె. అప్పటికి వైరు పైపుకు పూర్తిగ ఆనలే. గాని ఆనేది ఎంతో దూరం లేదు.

మూడు వారాలు చూసిన. ఎదురింటామె రోజు బకెట్ పట్టుకొని పైకొచ్చేది. ఒక్కొక్క గుడ్డ దులిపి, తీగె మీద ఏసి, క్లిప్పులు పెట్టేది. నేను చాయ్ తాగుకుంట చూసేటోన్ని. పిలుద్దామని లేసేటోన్ని. గాని అంతలనే ఆయన మాట యాదికొచ్చేది: చూడొద్దు, చెప్పొద్దు. ఆయననే తలుపు కొట్టి రావాలె, "అన్నా, తప్పయ్యింది, జర చూడు" అనాలె. అట్ల అనుకునేటోన్ని. పాత ఆఫీసుల ఎవరికన్న ఫోన్ చేసినా ఒక గంటల సరిచేసి పోతుండె. అది గూడ చేయలే.

"రోజు అటే ఏం చూస్తున్నవ్?" అని మా ఆమె ఒకనాడు అడిగింది.

"ఏం లేదు."

ఆ యేడు గోడ మీద అన్నీ రాసిన. దోమల సంగతి రాసిన, అలుగు సంగతి రాసిన, తడిసిన స్తంభాలు ముట్టొద్దని రాసిన. దండెం మాట మాత్రం రాయలే. కావాలెనని రాయలే. ఈ ముక్క ఎట్ల చెప్పినా చిన్నగ కాదు గనుక ఉన్నదున్నట్టే చెప్తున్న.

తర్వాత ముసురు వట్టింది. మూడు రోజులు ఆగకుండ కొట్టి, నాలుగో నాడు పొద్దున జర తెరిపిచ్చింది. వాన అని ఎదురింటాయన బండి తియ్యలే, ఇంట్లనే ఉన్నడు. పేరుకుపోయిన బట్టలన్ని ఉతికి ఆమె పైకొచ్చింది. నేను మెట్ల గదిల ఉన్న. చేతిల చాయ్ గ్లాసు ఉన్నది.

ఆమె దుప్పటి విసిరి తీగె మీద ఏసింది. సర్దనీకె చేయి పెట్టింది. ఆ చేయి అక్కడనే ఉన్నది. ఒర్రలే, పిలువలే. బకెట్ ఒరిగింది. ఒళ్లంత సన్నగ వణుకుతున్నది, అంతే.

గ్లాసు ఎక్కడ పారేసిన్నో తెల్వదు. మెట్ల గది మూలకు పొడి వెదురుకట్టె ఉండె, అది పట్టుకొని, ఆమెకు కరెంటు పట్టిందని ఒర్రుకుంట ఉరికిన. కాళ్లకు రబ్బరు చెప్పులున్నయ్. గల్లీ దాటి వాళ్ల మెట్లెక్కేవరకు ఆయన నాకంటె ముందు పైన ఉన్నడు. "మెయిన్ ఆపేశాను! మెయిన్ ఆపేశాను!" అని అరుస్తున్నడు. కరెంటు మీటరు దాంక రాకముందే పైపుకెక్కుతుంటె, ఇంట్ల మెయిన్ ఆపి ఏం లాభం? ఆయన రెండు చేతులు చాపి ఆమెను పట్టుకోనీకె పోతున్నడు.

"ముట్టకు! ముట్టినవంటే నువ్వు గూడ పోతవ్!"

ఆగిండు. నేను కట్టె ఎత్తి ఆమె చేతి మీద కొట్టిన. వదల్లే. ఉన్న బలమంత పెట్టి మణికట్టు మీద మళ్లీ కొట్టిన. బొక్క విరిగిన చప్పుడు ఇనవడ్డది. పిడికిలి విడిచి ఆమె తడి స్లాబు మీద పడ్డది. ఊపిరి లేదు. పక్కకు లాగి గుండె మీద ఒత్తుకుంట పోయిన. నౌకరీల నేర్పిన పనే, చేతులకు యాదున్నది. ఎంతసేపో తెల్వదు. ఆమె దగ్గింది.

ఆటోల దవాఖానకు తీస్కపోయిండ్రు. నేను సబ్‌స్టేషన్‌కు ఫోన్ చేసి లైన్ ఆపిచ్చిన. ఆ ఒక్క రోజు గల్లీ నన్ను దేవుని లెక్క చూసింది. "పెద్దాయన లేకపోతే ఆమె దక్కకపోతుండె" అన్నరు. గల్లీ వాట్సాప్ గ్రూపుల నా ఫోటో పెట్టి దండాలు పెట్టిండ్రు. ఆ పొగడ్తలన్ని తీసుకొని కూసున్న.

మధ్యాహ్నం లైన్‌మన్ వచ్చిండు. నా కిందనే పని నేర్చుకున్నోడు. ఎదురింటి డాబా ఎక్కి వైరు పట్టి చూసిండు. కింద అందరున్నరు. అప్పుడే దవాఖాన నుంచి బట్టల కోసం వచ్చిన ఎదురింటాయన గూడ ఉన్నడు.

"ఇది నిన్న మొన్న తెగింది కాదన్నా" అన్నడు లైన్‌మన్ నన్ను చూసుకుంట. వాని మనసుల ఏం లేదు, ఉన్న ముచ్చట చెప్పిండు. "మస్తు రోజుల సంది రాసుకుంటున్నది. మీ డాబా మీదికెళ్లి సక్కగ కనవడ్తది గదా, మీరు చూడలేదా?"

"లేదు" అన్న.

ఎదురింటాయన నా దిక్కు తిరిగిండు. బట్టల సంచి పట్టుకొని ఆటో ఎక్కిండు.

సందెల మా ఆమె నా ముందట అన్నం పెట్టి నిలవడ్డది. "రోజు గదే చూసినవ్ గదా నువ్వు" అన్నది. ఏడ్వలే, తిట్టలే. "నేను అడిగితే ఏం లేదన్నవ్." అన్నం పళ్లెం అట్లనే ఉంచి లోపటికి పోయింది. ఆ రోజు సంది నాతోని అవసరమైన మాటలే మాట్లాడుతది.

ఎదురింటామె దవాఖాన నుంచి ఇంటికొచ్చిన నాలుగు రోజులకు నేను పోయి వాళ్ల తలుపు కొట్టిన. ఆయననే తీసిండు. ఆమె లోపల కుర్చీల కూసొని ఉన్నది. కుడిచేతికి సిమెంటు పట్టి, అదే అరిచేతికి కాలిన గాయం కట్టు.

"నేను చూసిన" అన్న. "మూడు వారాల సంది చూసిన. చెప్పలే."

ఆయన చేయి తలుపు మీద బిగుసుకున్నది. కొడతడనుకున్న. కొట్టినా నేను చేయి అడ్డం పెట్టకపోదును. ఆయన కొట్టలే. "మీరు లేకపోతే మా ఆవిడ లేదని ఊరంతా అంటోంది. అది నేను కాదనను" అన్నడు. "కాని మీరు అంత తొందరగా కర్ర పట్టుకుని ఎలా వచ్చారా అని నాకు ఆ రోజే అనుమానం వచ్చింది. అక్కడ కూర్చుని ఉంటేనే కదండీ అలా రాగలరు?"

అవునన్నట్టు తల ఊపిన.

ఆమె లోపల్నించే అడిగింది. "నేను బట్టలు ఆరేస్తుంటే రోజూ చూశారా?"

"చూసిన."

"ఒక్కరోజైనా, అమ్మా, ఆ తీగ ముట్టుకోకు అని పిలవాలనిపించలేదా?"

"అనిపించింది. పిలువలే."

ఆమె కండ్లల్ల నీళ్లు లేవు. నన్ను పురుగును చూసినట్టు చూసింది. "తలుపేసెయ్యండి" అన్నది ఆయనతోని. ఆయన ఏసిండు.

వాళ్లు పోలీసులకు చెప్పలే. గల్లీకి మాత్రం తెల్సింది, ఎవరు చెప్పిండ్రో తెల్వదు. గ్రూపుల దండాలు పెట్టినోళ్లు నన్ను చూస్తే తొవ్వ మార్చుకుంటున్నరు. ఎదురింటోళ్లు కొత్త వైరు ఏపిచ్చుకొని, డాబా మీద మా దిక్కు ఎత్తుగ రేకు నిలవెట్టిండ్రు. ఇప్పుడు అక్కడ ఏం కనవడదు. ఆమె చేయి అతుకున్నది గాని పిండి రుబ్బేటప్పుడు నొస్తదని, రుబ్బనీకె మనిషిని పెట్టుకున్నరని మా ఆమె ఫోన్ల ఎవరికో చెప్తుంటె విన్న.

ఈ యేడు మొదటి వాన పడ్డంక ఇంటింటికి తిరిగిన. కొందరు గేటు తియ్యలే. ఒకాయన లోపల్నించే "నువ్వా? వచ్చి చూసిపోయి, చెప్పకుండ ఊకుంటవా?" అన్నడు. గల్లీ చివరింట్ల కొత్తగ కిరాయికి దిగిన ఆమె దండెం గూడ ఇనుప తీగెనే, పైపుకే కట్టింది. రోడ్డు మీదికెళ్లి కనవడ్డది. గేటు కొట్టి చెప్పిన.

"రేపు తీస్త లే" అన్నది.

"రేపు కాదు బిడ్డా, ఇప్పుడే తియ్యి. చేతితోని కాదు, ముందుగల టెస్టర్ పెట్టి నేను చూస్త."

"నీ పని నువ్వు చూసుకో పెద్దాయనా, నా ఇంటి మీద నీ పెత్తనం ఏంది?"

వాన మొదలయ్యింది. నేను గేటు ఇడ్సలే. ఆమె తిట్టింది, వాళ్లాయనకు ఫోన్ చేసి తిట్టిచ్చింది, పక్కింటోళ్లు బయటికొచ్చి నా ముచ్చటంత చెప్పి ఇంక తిట్టిండ్రు. తడుసుకుంట అట్లనే నిలవడ్డ. ఆఖరికి విసుక్కొని గేటు తీసింది. పైకి పోయి టెస్టర్ పెట్టి చూసిన, లైటు రాలే. కటింగ్ ప్లయర్ తీసి తీగె రెండు దిక్కుల తెంపి చుట్ట చుట్టిన. నేను మెట్లు దిగుతుంటె ఆమె ఎనకనుంచి ఇంక తిడుతనే ఉన్నది.