జుల్మీరా కుట్టిన జేబు

జుల్మీరా గురించి నాలుగు మంచి మాటలు మాట్లాడమని మా గ్రాసా పేట సంఘం వాళ్లు వచ్చి నన్నే అడిగారు. లిస్బన్ చూడవచ్చే పరాయి దేశాల వాళ్లను ఇన్నేళ్లుగా దొంగల బారిన పడకుండా కాపాడిందట, ఈసారి జూన్‌లో పునీత అంతోనివారి పండుగకు దానికి సన్మానమట. "పుట్టినప్పటి నుంచీ ఎదురెదురు గుమ్మాలు కదా ఎర్మెలిందమ్మా, మీకంటే ఎవరికి తెలుసు?" అన్నారు. తెలియకేం. ఇన్నేళ్లూ దాన్ని చూసి కళ్లలో నిప్పులు పోసుకున్నది నేను. నాకు తెలిసినట్టు ఇంకెవరికి తెలుస్తుంది?

దాని గొప్పంతా ఒక జేబులో ఉంది. ఆ జేబు కూడా దానిది కాదు, మా అమ్మది.

మా అమ్మ ఎతెల్వీనా కుట్టుపని చేసేది. పోర్చుగల్‌ను నియంతలు ఏలిన కాలంలో మగవాళ్లు కూలి దొరకకో, ఆఫ్రికాలో యుద్ధానికి పోవడం ఇష్టం లేకో, ఎవరికీ తెలియకుండా కొండలు దాటి ఫ్రాన్స్ పోయేవాళ్లు. దాటించేవాళ్లలో మంచివాళ్లుండేవాళ్లు, నడి కొండల్లో వదిలేసి వచ్చి, మీవాడు క్షేమంగా చేరాడని ఇంటివాళ్ల దగ్గర మిగతా డబ్బు గుంజుకునేవాళ్లూ ఉండేవాళ్లు. అందుకని వెళ్లేవాడు తన ఫొటో రెండుగా చింపి ఒక సగం ఇంట్లో ఉంచి, ఒక సగం వెంట తీసుకుపోయేవాడు. చేరాక తన సగం టపాలో పంపేవాడు. రెండూ అతికితేనే దాటించినవాడికి డబ్బు. ఆ సగం ఫొటో పెట్టుకోవడానికి మా అమ్మ కోటు లోపల ఒక జేబు కుట్టేది. పోలీసు పైనుంచి తడిమినా చేతికి తగిలేది కాదు.

ఆ కుట్టు జుల్మీరా నేర్చుకుంది. వాళ్ల నాన్న రేవులో మూటలు మోస్తూ నడుం విరగ్గొట్టుకున్నాక అది రోజూ వచ్చి మా కిటికీ పక్కన కూర్చునేది. నేను కింద మెట్ల వీధిలో తాడాట ఆడుకుంటూ ఉండేదాన్ని. చీకటిపడి ఇంటికొస్తే అమ్మ దాని కుట్టు పైకెత్తి దీపానికి చూపిస్తూ, "చూడవే, దీని చేతిలో ఏముందో" అనేది. ఏముంది, సూది. నాకు అప్పుడే ఒళ్లు మండేది.

దానికి పెళ్లయిన ఏడాదే మొగుడు కూడా ఫ్రాన్స్ పోయాడు. అతని కోటులో జేబు అదే కుట్టింది. సగం ఫొటో భద్రంగా తిరిగొచ్చింది, అతికించి చూసుకుంది. మనిషి మాత్రం మళ్లీ రాలేదు. అక్కడే ఎవతెతోనో ఉండిపోయాడని తర్వాత తెలిసింది. దాని బతుకులో నేను కుళ్లుకోనిది అదొక్కటే.

తను పనిచేసే చొక్కాల ఫ్యాక్టరీ మూతపడ్డాక జుల్మీరా ఇంట్లో రెండు గదులు యాత్రికులకు అద్దెకివ్వడం మొదలుపెట్టింది. నేనూ ఒక గది ఇచ్చాను. పొద్దున్నే యాత్రికులు మెట్లు దిగబోతుంటే అది సూది, గుడ్డముక్కలు పట్టుకుని గుమ్మంలో కాపుకాస్తుంది. దాని వాళ్లనే కాదు, నా వాళ్లనూ ఆపుతుంది. "ఇలా రా తల్లీ. ట్రామ్ ఎక్కేటప్పుడు వెనక తోపులాట జరిగితే ఎక్కకు, దిగిపో. బయట భవనాలు చూడకుండా నీ సంచి వంక చూసేవాణ్ని చూసి పెట్టుకో. ఎవరైనా అట్ట పట్టుకొచ్చి సంతకం పెట్టమంటే పెట్టకు, ఆ అట్ట కిందే చెయ్యి ఉంటుంది. నడివీధిలో చెవి దగ్గరకొచ్చి మత్తు కావాలా అంటాడు, అది వంటల్లో వేసే ఎండాకు నొక్కి చేసిన ముద్ద. హోటల్లో అడక్కుండా రొట్టె, ఆలివ్ కాయలు తెచ్చి పెడితే కంగారుపడకు. అది దానమూ కాదు, మోసమూ కాదు. తింటే బిల్లు, వద్దంటే పక్కకు జరుపు." ఇదంతా చెప్తూనే వాళ్ల లంగా నడుములోనో ప్యాంటు లోపలో జేబు కుట్టేస్తుంది.

ఇక వాళ్లు ఊళ్లకు పోయి ఇంటర్నెట్‌లో రాస్తారు. నా గది గురించి ఒకామె ఏం రాసిందో మా ఆయన అదెలీను చదివి వినిపించాడు. "గది శుభ్రంగా ఉంది. ఎదురింటి జుల్మీరా దేవత." దుప్పట్లు ఉతికింది నేను, కాఫీ పెట్టింది నేను, దేవత అది. పొరుగింటి పుల్లకూర రుచి అని ఊరికే అనలేదు. మా ఆయన రిటైరయ్యేదాకా ట్రామ్ నడిపినవాడు. "అయినా ఆ జేబు మంచిదేనే, నేనూ ఒకటి కుట్టించుకుందామనుకుంటున్నా" అన్నాడు. ఆ పూట ఆయనకు చల్లారిన సూపే పోశాను.

నాకంటూ మిగిలింది ఒక్క బెంటె. డెన్మార్క్‌లో నర్సుగా చేసి రిటైరైంది. మొదట భర్తతో వచ్చేది, ఆయన పోయాక ఒక్కతే వస్తోంది, ప్రతి జూన్‌లో నా గదికే. ఆయన పెళ్లి ఉంగరం చిన్న గుడ్డసంచిలో పెట్టుకుని ట్రామ్ ఎక్కి ఎస్ట్రేలా తోటకు పోతుంది. పెళ్లైన కొత్తలో ఇద్దరూ కూర్చున్న బల్ల అక్కడుంది. ఉంగరం అరచేతిలో పెట్టుకుని కాసేపు కూర్చుని వస్తుంది. ఆయన గుర్తుగా ఆమె దగ్గర ఉంచుకున్నది ఆ ఉంగరమే. నాకేమో బెంటె ఒక్కతే. ఈ ఒక్క మనిషినైనా జుల్మీరా పాలు కానివ్వకూడదని నేను ఒట్టు పెట్టుకున్నాను.

పోయిన జూన్‌లో బెంటె వచ్చిన మర్నాడే అది గుమ్మంలోకి వచ్చింది, చేతిలో సూదితో.

"పండుగ రద్దీ. ట్రామ్‌లో దొంగలు ఈగల్లా మూగుతున్నారు. ఆ ఉంగరానికి ఒక జేబు కుట్టేస్తానే" అంది.

"అక్కర్లేదు. నా ఇంటి మనిషిని చూసుకోవడానికి నేనున్నా."

"ఎలా చూసుకుంటావు?"

"నా సంచిలో పెట్టుకుంటా. ఈ పేటలో పుట్టినదాన్ని. నన్ను చూస్తే తెలీదా ఎవడికైనా? నా సంచి మీద చెయ్యేసే మగాడు ఇంకా పుట్టలేదు."

మా ఆయన కుర్చీలోంచి, "దొంగకి సొంతూరు, పరాయి ఊరు ఏమిటే? నా ట్రామ్‌లో చర్చి ఫాదర్ గారి జేబే కొట్టేశారు" అన్నాడు.

"నిన్నెవరడిగారయ్యా?" అన్నాను. జుల్మీరా బెంటె వంక ఒకసారి చూసి, సూది రవికెకు గుచ్చుకుని వెళ్లిపోయింది.  మరునాడు పొద్దున నేను చెయ్యి చాపగానే బెంటె ఆ గుడ్డసంచి తెచ్చి నా చేతిలో పెట్టింది. మెట్లు దిగుతూ ఎదురు తలుపు వంక చూసి మరీ దిగాను. ఆ క్షణం నాకెంత గర్వంగా ఉందో చెప్పలేను.

బెంటె నాకు బహుమతిగా తెచ్చిన పెద్ద అంచుల టోపీ పెట్టుకున్నాను. బెంటెతో కలిసి ఎక్కిన ఇరవై ఎనిమిదో నంబరు ట్రామ్ కిక్కిరిసి ఉంది. ఒక చేత్తో పైనున్న పట్టీ పట్టుకున్నాను, రెండో చేత్తో సంచి మూతి గట్టిగా పట్టుకున్నాను. పక్కనే నీటుగా దువ్వుకున్న పెద్దమనిషి ఒకడు మంజెరీకు కుండీ పట్టుకుని నిలబడ్డాడు. పండుగకు మా ఊళ్లో ప్రేమించినవాళ్లకు ఇచ్చుకునే మొక్క అది, చిన్నాకులతో బంతిలా గుండ్రంగా ఉంటుంది.

"మా ఆవిడకి కొన్నానమ్మా. మంచిదేనా, ముదురు అంటగట్టాడా? మీరైతే వాసన చూసి చెప్పగలరు" అన్నాడు. మా పేట యాసే.

మీరైతే చెప్పగలరు, అన్నాడు. జుల్మీరాను అడగలేదు, నన్నడిగాడు.

ఆ మొక్కకు ముక్కు ఆనించకూడదు, ఆనిస్తే వాడిపోతుంది. అరచెయ్యి మొక్క మీద పెట్టి, ఆ చేతిని వాసన చూడాలి. ఇది మాకు నడక రాకముందే నేర్పుతారు. పరాయి దేశం మనిషైతే ముక్కు వంచేది, చెయ్యి సంచి మీదే ఉండేది. నేను లిస్బన్ దాన్ని. సంచి వదిలి, చెయ్యి మొక్క మీద మెత్తగా ఆడించి, ముఖానికి తెచ్చుకుని, కళ్లు మూసుకుని గట్టిగా పీల్చాను. "లేతదే, భేషుగ్గా ఉంది" అని కూడా చెప్పాను. ఆయన దణ్ణం పెట్టినంత పని చేసి తర్వాతి స్టాపులో దిగిపోయాడు. ఆయన వెనకే ఇంకొకడు దిగాడు.

ఎస్ట్రేలా తోటలో బల్ల మీద కూర్చుని సంచి తెరవబోతే, అది తెరిచే ఉంది. పర్సు లేదు. గుడ్డసంచి లేదు. నా పైప్రాణాలు పైనే పోయాయి. సంచి బోర్లించి, దువ్వెన, కళ్లజోడు, జపమాల అన్నీ మట్టిలో పోసి వెతికాను. "పోయింది బెంటె, ఆయన ఉంగరం పోయింది, నా చేతులారా పోగొట్టాను" అని బల్ల పట్టుకుని ఏడ్చాను.

బెంటె నా చెయ్యి తీసుకుని తన లంగా నడుము మీద పెట్టింది. లోపల గుండ్రంగా, గట్టిగా ఏదో తగిలింది.

"ఉంది ఎర్మెలిందా. పోలేదు."

"మరి నాకిచ్చిన దాంట్లో?"

"గుండీ."

"ఎప్పుడు కుట్టింది?"

"నిన్న సాయంత్రం. నువ్వు కవళ్లు కొనడానికి చేపల దుకాణానికి వెళ్లినప్పుడు. నేనే వెళ్లి అడిగా."

"మరి నాకెందుకిచ్చావు ఆ గుండీ?"

"నువ్వు అంత ఆశగా చెయ్యి చాపావు. ఉత్త చెయ్యి వెనక్కి పంపడం నా వల్ల కాలేదు" అంది.

ఒక్క నిమిషం ఊపిరి పీల్చుకున్నాను. ఆ తర్వాత కడుపు మండింది చూడండి, అంతోనివారు క్షమించాలి, ఆ ఉంగరం నిజంగా పోయినా బాగుండేది అనిపించింది. పోయి ఉంటే బెంటె నన్ను నమ్మి పోగొట్టుకున్నదయ్యేది. పోలేదు కాబట్టి జుల్మీరాను నమ్మింది. నా తల కొట్టేసినట్టయింది. బెంటె మాత్రం నడుము మీద చెయ్యి పెట్టుకుని ఎప్పటిలాగే కాసేపు కూర్చుంది. నేను మట్టిలోంచి దువ్వెన ఏరుకున్నాను.

ఇంటికొస్తూనే ఎదురు తలుపు బాదాను. అది కిటికీ పక్కన కూర్చుని ఎవరిదో ప్యాంటు కుడుతోంది. జరిగిందంతా చెప్పాను, మంజెరీకుతో సహా.

"అలా అడిగితే నేనూ చెయ్యి తీసేదాన్నే. మనలో ఎవరైనా తీస్తారు" అంది.

"ఆ జాలి నాకేం వద్దు. కుట్టానని నాకెందుకు చెప్పలేదే?"

"చెప్తే విప్పించేదానివి."

విప్పించేదాన్నే. అబద్ధం చెప్పలేను. అందుకని ఇంకా కోపం వచ్చింది.

"అన్నీ నీకేనా? నా గదిలో మనుషులు నీకే, మా ఆయన పొగడ్తలు నీకే, ఆఖరికి బెంటె కూడానా? ఆ జేబు మా అమ్మదే. మా అమ్మనే లాక్కున్నావు, ఇక బెంటె ఓ లెక్కా?"

జుల్మీరా దారం తెంపి, ప్యాంటు ఒళ్లో మడిచి పెట్టుకుంది. దానికి కోపం రావడం నేనెప్పుడూ చూడలేదు. ఆ రోజు చూశాను.

"లాక్కున్నానా? మీ కిటికీలోంచి నేనేం చూసేదాన్నో తెలుసా నీకు? నువ్వు తాడాట ఆడుతుంటే చూసేదాన్ని. జడలు ఎగిరెగిరి పడేవి. నా వేళ్లు సూదిపోట్లతో మండుతుండేవి. ఒక రోజు మీ అమ్మనడిగా, ఎర్మెలిందాకి నేర్పవా అని. 'దాన్ని ఆడుకోనీవే, నీకైతే పని కావాలి' అంది. మీ అమ్మ మంచిదే. కానీ నువ్వు ఆడుకోవాలని కోరుకున్న అమ్మ అది. నన్ను పొగిడేది పని చేసినందుకు. నువ్వు ఏమీ చెయ్యకపోయినా కిటికీలోంచి నిన్ను చూసి నవ్వుకునేది. అది చూసి నేనెంత కుళ్లుకున్నానో. తాడు తెగి నువ్వు బోర్లా పడాలని రోజూ మొక్కుకునేదాన్ని."

 అమ్మ నన్ను చూసి నవ్వుకునేదన్న సంగతి నాకెవరూ చెప్పలేదు. కింద ఆడుకునేవాళ్లకు పై కిటికీ ఎక్కడ కనిపిస్తుంది?

"ఒకసారి పడ్డానుగా, మోకాలు చీరుకుపోయి" అన్నాను.

"తెలుసు. వారం రోజులు హాయిగా నిద్రపట్టింది" అంది.

ఇద్దరం నవ్వామనుకునేరు. నేను నవ్వలేదు. అది నా సంచి లాక్కుని, చిరిగిన లోపలి గుడ్డ తిరగేసి చూసి, అడక్కుండానే జేబు కుట్టడం మొదలుపెట్టింది. నేను అడ్డుచెప్పలేదు. అమ్మ కుట్టే, అచ్చంగా. కన్నార్పకుండా చూస్తూ కూర్చున్నాను.

బెంటె ఈ జూన్‌కు కూడా గది నా దగ్గరే చెప్పింది. సన్మానం రోజు సంఘం వాళ్ల ముందు నాలుగు మంచి మాటలే మాట్లాడతాను, పరువు తీయను. కానీ ఆ కిటికీ దగ్గర విన్నది మాత్రం నాకు ఇప్పటికీ మింగుడుపడదు. కుట్టు దానిది, మాట దానిది, పేరు దానిది, పోనీలే, కుళ్లుకోవడం ఒక్కటైనా నా సొంతమనుకున్నాను. అందులోనూ అదే నాకంటే ముందు.