కిటికీ కమ్మీ

ధర్మపురి ఇంట్లో బీరువా సర్దుతుంటే మామయ్య కెమెరా దొరికింది. సంచి తెరవగానే కలరా ఉండల వాసన.

నా చిన్నప్పుడు ఊళ్లో పెళ్లిళ్లకు మామయ్యే ఫోటోగ్రాఫర్. ఒకసారి హొగేనక్కల్ జలపాతం దగ్గర పొడుగు లెన్స్‌తో తీసిన పుట్టి పడవల ఫోటోలన్నీ మసకగా వచ్చాయి. కారణం తెలుసుకోవాలని మిద్దె మీద కెమెరాను స్టాండుకు బిగించి, ఎదురింటి కిటికీ కమ్మీకి గురిపెట్టాడు. కెమెరాలోంచి చూస్తే కమ్మీ రెండు ముక్కలుగా కనిపిస్తుంది. లెన్స్ తిప్పుతూ ఆ ముక్కల్ని కలిపితే ఫోకస్ కుదిరినట్టు.

"నాకు కలిసినట్లే ఉండాది. నువ్వొకసారి సూడు పాపా," అన్నాడు.

నాకు కమ్మీ విరిగే కనిపించింది. అంత పెద్ద ఫోటోగ్రాఫర్‌కు కలిసింది నాకు కలవలేదంటే, తప్పు నా కంటిదే అనుకున్నాను.

"కలిసింది మామా."

"సరి, అట్లైతే లెన్సులోనే తప్పుండాది."

రిపేరుకు పంపిన లెన్స్ ఏ లోపమూ లేదని తిరిగొచ్చింది. తర్వాత తీసిన రెండు పెళ్లిళ్ల ఫోటోలూ మసకగానే వచ్చాయి. తన చూపు తగ్గిందని తెలిసేసరికి మామయ్యను పిలిచేవాళ్లు లేరు.

ఈరోజు ఆ కెమెరాలో అదే కమ్మీని నా కంటికి కలిసేదాకా తిప్పి, మా అమ్మాయికి చూపించాను.

"ఇంకా కలవలేదు మా," అంది వెంటనే.

కళ్ల డాక్టరుకు ఫోన్ చేశాను. 'కలవలేదు' అనే ఆ మాట ఆనాడు నా దగ్గరా ఉండింది.