వేళ్ళాయన చుట్టిన సున్నా

మా బట్టల మిల్లులో అందరికీ అతను వేళ్ళాయన. కింద దీపం వెలిగే తనిఖీ బల్ల మీద బట్ట జారుతుంటే కళ్ళు మూసుకుని అరచెయ్యి ఆనించి, ఎక్కడ ముడి పడిందో, ఎక్కడ పోగు తెగిందో చెప్పేసేవాడు. దొరికిన లోపం చుట్టూ నీలం సుద్దతో సున్నా చుట్టేవాడు. పదహారేళ్ళలో ఒక్క సున్నా తప్పు కాలేదు. పక్క బల్ల నాది కాబట్టి చెబుతున్నాను, ఆ గర్వం కూడా అతనికి దండిగానే ఉండేది.

పెళ్ళై మూడేళ్ళు. భార్య తన అక్క పురిటికి సాయం వెళ్ళిన నెలలోనే, అతను కొత్త యంత్రం నేర్చుకోవడానికి పొరుగూరు వెళ్ళాడు. అక్కడ తనతోపాటు నేర్చుకోవడానికి వచ్చిన ఒకావిడతో ఒక మధ్యాహ్నం లాడ్జి గదిలో గడిపాడు. ఇద్దరికీ ఇష్టమే, ప్రేమ మాత్రం లేదు. పదో రోజు స్నానం చేస్తుంటే మర్మాంగం మీద ఏదో వేలికి తగిలింది. ఆవగింజంత ఉంది. నొప్పి లేదు, దురద లేదు.

పెరుగుతుందేమో చూద్దామని దాని చుట్టూ సున్నా చుట్టాడు. లోపం దొరికితే ఆ చేతికి ఇంకేం తోస్తుంది! మర్నాడు చూస్తే సున్నా అలాగే ఉంది. దాని బయట ఇంకో గింజ లేచింది.

తేలు కుట్టిన దొంగలా ఎవరికీ చెప్పుకోలేకపోయాడు. ఇక అన్నిచోట్లా వేళ్ళకి అదే తగలసాగింది. సబ్బు మీద, తలుపు గడియ మీద, దిండు మీద. ఒక పూట బట్ట పొడవునా సున్నాలే చుట్టి పెట్టాడు. సూపర్‌వైజరు ఒక్కొక్కటే తడిమి చూశాడు. నేనూ తడిమాను. బట్ట నున్నగా ఉంది.

"ఏమైందయ్యా నీ వేళ్ళకి?" అన్నాడు సూపర్‌వైజరు.

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, అతను చేతులు వెనక్కి దాచుకున్నాడు. "మీకు తగలడం లేదా?" అన్నాడు.

భార్య వచ్చేలోపు తేల్చుకోవాలని డాక్టరు దగ్గరికి వెళ్ళాడు.

"ఈ నీలం రంగేంటండీ?"

"లోపం దొరికితే సున్నా చుట్టడం మా పనండి."

డాక్టరు నవ్వలేదు. భూతద్దం పెట్టి చూశాడు. "పులిపిర్లు. కలయిక వల్ల అంటుకునే రకం. మందు రాస్తే పోతాయి. రక్తపరీక్ష కూడా చేయిద్దాం. మీ ఆవిడనీ చూపించుకోమనండి."

"రెండు వారాల కిందటేనండి, ఒకావిడతో..."

"అంత తొందరగా మామూలుగా కనబడవు. నెలలు పడుతుంది. ఒక్కోసారి ఏళ్ళ తరబడి ఒంట్లోనే దాక్కుంటుంది. ఎవరి నుంచి ఎవరికొచ్చిందో ఎవరూ చెప్పలేరు."

ఇన్నాళ్ళూ ఆ ఒకావిడనే తిట్టుకున్నాడు. తనే ఆవిడకి అంటించి ఉండొచ్చు.

భార్య ఊరి నుంచి దిగేసరికి, అంతా చెప్పేయాలనే ఉన్నాడు. "నాకు పులిపిర్లొచ్చాయి. కలయిక వల్ల అంటుకునేవట" అని మొదలుపెట్టాడు. ఆమె చేతిలో సంచీ కింద పెట్టి ఏడ్చేసింది.

"నా వల్లే" అంది. "పెళ్ళికి ముందు నాకొచ్చాయి. మందు రాస్తే పోయాయి. నీకు ఎప్పుడు బయటపడతాయోనని మూడేళ్ళుగా చస్తూ బతుకుతున్నా. నన్ను క్షమించు."

లాడ్జి మాట అతని నాలిక చివరిదాకా వచ్చింది. దాన్ని మింగేసి, "సరేలే, ఏడవకు" అన్నాడు.

ఇదంతా నాకు చెప్పింది అతనే, గండం గట్టెక్కినవాడిలా నవ్వుతూ. ఆ నవ్వు చూశాక నాకు అతని పక్కన కూర్చోవాలంటే భయం వేసింది. రోజూ మందు రాసేది భార్యేనట. రాసిన ప్రతిసారీ క్షమించమని అడుగుతుందట.