రోజుకింత దూరం

నరసరావుపేటలో మా ఎదురింటి ఖాలా, అమ్మకు వరసకు అక్క, నాకు పెద్దమ్మ, మొన్న ఉదయం పోయింది. ఫోన్ చేసింది మా అమ్మే. "మీ ఖాలా పోయిందే" అంది. ఖాలా అన్న మాట దగ్గర అమ్మ బిగుసుకోవడం నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. మీలో ఎవరికైనా ఇద్దరు తల్లులుంటే, ఆ బిగువేమిటో నేను వేరే చెప్పక్కర్లేదు.

నేను పాలు తాగే వయసులో అమ్మకు టీబీ వచ్చింది. బిడ్డకు అంటుకుంటుందని దుర్గిలో పుట్టింటికి పంపేశారు. నాన్న ఎప్పుడూ లారీ మీదే. నన్ను ఖాలాయే పెంచింది. జబ్బు నయమై అమ్మ తిరిగొచ్చేసరికి నేను పరుగులు తీసే పిల్లను. చేతులు చాచిన అమ్మను చూసి కెవ్వుమని ఏడ్చి, ఖాలా కొంగులో దూరానట.

"నా బిడ్డను నాకియ్యక్కా. ఇంక మా గడప తొక్కొద్దు" అందట అమ్మ.

ఖాలాకూ రోషం తక్కువేం కాదు. "ఇస్తాలేవే. గుంజుకుంటే నీకూ దక్కదు, నాకూ దక్కదు" అని మర్నాడే నన్నెత్తుకుని మా ఇంటికొచ్చి కూర్చుంది. అమ్మ ముద్ద పెడుతుంటే మొదట్లో నా పక్కనే ఉండేది. కొన్నాళ్లకు గడప మీదికి జరిగింది. తర్వాత వాకిట్లోకి. ఆ తర్వాత వీధి అవతల నుంచి "తింటన్నావా బేటా?" అని కేక మాత్రమే. నేను వెనక్కి తిరిగి చూసినప్పుడల్లా అమ్మ చేతిలో ముద్ద అలాగే ఆగిపోయేదట. ఒకరోజు చూడటం మానేశాను. ఆ పూట ఖాలా ఇంట్లో పొయ్యి వెలగలేదు.

అయినా విడిచిపోతారన్న పసితనపు భయం అంత తేలిగ్గా వదులుతుందా? పెళ్లయ్యాక కూడా మా ఆయన ఫోన్ ఎత్తకపోతే ఎత్తేదాకా చేస్తూనే ఉండేదాన్ని. ఇంటికొచ్చాక పోట్లాడేదాన్ని. ఖాలా తిట్టింది. "ఏందే ఇది? పట్టుకుని యాలాడితే ఎవురుంటారు? పోయినోళ్లు తిరిగొస్తారని నమ్మడం కూడా నేర్చుకోవాల." ఆ మాట నాకింకా పూర్తిగా ఒంటబట్టలేదు.

మొన్న నేను ఖాలా ఇంటికి వెళ్లేసరికి ఆఖరి చూపుకు పిలుస్తున్నారు. "సొంతోళ్లు మాత్రమే ముందుకు రండి" అందో పెద్దామె. నేను ఆగి అమ్మ వంక చూశాను. ఇన్నేళ్లలో అమ్మ ఎదుట ఖాలాను ఒక్కసారి కూడా వాటేసుకోలేదు నేను.

"ఈమె ఎవురు?" అని అడిగింది పెద్దామె.

"ఈ అక్క కూతురే. పోనీయండి" అంది అమ్మ.

నా భుజం మీది బ్యాగు తీసుకుని నన్ను ముందుకు తోసింది. తను మాత్రం ఆ బ్యాగును రెండు చేతులతో పొట్టకు హత్తుకుని షామియానా గుంజ దగ్గరే నిలబడిపోయింది.